గోవా ఇఫీలో ఏ సినిమాకి సీటు బుక్ చేయాలి? వందల పేర్ల జాబితాను వడగట్టే పద్ధతి

ఏటా నవంబరులో గోవాలో జరిగే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి, అంటే అందరూ ఇఫీ అని పిలిచేదానికి, డెలిగేట్‌గా పేరు నమోదు చేసుకోవడం పెద్ద కష్టం కాదు. ఆన్‌లైన్‌లో ఫారం నింపి ఫీజు కట్టాలి, ఆమోదం వచ్చాక పణజి వెళ్ళి మెడలో వేసుకునే కార్డు తీసుకోవాలి. అసలు టెన్షన్ షెడ్యూల్ బయటికొచ్చిన రోజున మొదలవుతుంది. రెండు వందల చుట్టూ సినిమాలుంటాయి, ఒక్కోసారి అంతకు మించి. అందులో తొంభై శాతం పేర్లు మనం ఎప్పుడూ విని ఉండం. డైరెక్టర్ల పేర్లు పలకడమే కష్టం. ఉత్సవం తొమ్మిది రోజులూ ఉండి, రోజుకు మూడు చొప్పున చూసినా ఇరవై ఏడు సినిమాలు. మిగతావన్నీ వదులుకోవాల్సిందే.

కొత్తగా వెళ్ళినవాళ్ళు సాధారణంగా రెండు దార్లలో ఒకటి పడతారు. పేపర్లో పేరు చూసిన నాలుగు పెద్ద సినిమాల కోసం పోటీపడి, అవి దొరక్క ఉసూరుమంటారు. లేదంటే ఏ హాల్లో ఖాళీ ఉంటే అందులో దూరతారు. రెండో పద్ధతిలో అప్పుడప్పుడూ నిధి దొరుకుతుంది, కాదనను. కానీ రైలు ఛార్జీ, హోటల్ ఖర్చు పెట్టుకుని, ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్ళేవాళ్ళు అంత అదృష్టం మీద ఆధారపడక్కర్లేదు. నేను పాటించే సూత్రం ఒకటే: మళ్ళీ ఎక్కడా దొరకని సినిమాకి మొదటి సీటు. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికే. ఇఫీని ఉదాహరణగా తీసుకున్నా, తిరువనంతపురం, కోల్‌కతా, బెంగళూరు, పుణె ఉత్సవాలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. ముందు ఊరు తేల్చుకోండి

ఇఫీ 1952లో బొంబాయిలో మొదలైంది. అప్పటి ఉత్సవం మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకూ వెళ్ళింది. ఇటలీ నుంచి వచ్చిన ‘బైసికిల్ థీవ్స్’, జపాన్ ‘రషోమాన్’ మన దేశంలో చాలామంది తొలిసారి చూసింది ఆ ఉత్సవంలోనే. తెలుగు సినిమా పరిశ్రమంతా అప్పుడు మద్రాసులోనే ఉండేదన్న సంగతి గుర్తుపెట్టుకుంటే ఆ ప్రయాణం మనకీ సంబంధించినదే అనిపిస్తుంది. తర్వాత చాలా ఏళ్ళు ఊరూరూ తిరిగింది. 1986లో ఫిల్మోత్సవ్ పేరుతో హైదరాబాదుకూ వచ్చింది. 2004 నుంచి గోవాలోనే స్థిరపడింది.

కేరళ ఉత్సవం, ఐఎఫ్ఎఫ్‌కే, 1996లో మొదలైంది. డిసెంబరులో తిరువనంతపురంలో జరుగుతుంది. కైరళి, శ్రీ, నిళ థియేటర్ల ఆవరణ, టాగోర్ థియేటర్, నిశాగంధి ఆరుబయలు రంగస్థలం, అన్నీ ఒకే నగరంలో. అక్కడి ప్రేక్షకులది వేరే లోకం. కాలేజీ కుర్రాళ్ళు, రిటైరైన మాస్టార్లు, ఆటో డ్రైవర్లు ఒకే క్యూలో నిలబడి టర్కీ డైరెక్టర్ గురించి వాదించుకుంటారు. సినిమా మీద మాత్రమే ధ్యాస ఉంటే, ఒక్క ఉత్సవానికే వెళ్ళగలిగితే, నేను కేరళకే ఓటేస్తాను. కుటుంబంతో వెళ్ళి, సగం రోజు సినిమా, సగం రోజు సముద్రం అనుకుంటే గోవా. అయితే పిల్లల్ని హాలుకు తీసుకెళ్ళొచ్చనుకోకండి. ఉత్సవ సినిమాలకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండదు, ప్రత్యేక మినహాయింపు మీద వేస్తారు. అందుకే డెలిగేట్లకు పద్దెనిమిదేళ్ళు నిండాలన్న నిబంధన.

2. అవార్డుల క్యాలెండర్ చదవడం నేర్చుకోండి

నవంబరులో గోవాకు వచ్చే సినిమాల్లో చాలా వాటికి అప్పటికే ఒక చరిత్ర ఉంటుంది. ఫిబ్రవరిలో బెర్లిన్, మేలో కాన్, జులైలో కార్లోవీ వారీ, ఆగస్టులో లొకార్నో, ఆగస్టు చివర్లో మొదలయ్యే వెనిస్, సెప్టెంబరులో టొరంటో, శాన్ సెబాస్టియన్. ఈ ఊళ్ళలో జరిగే చలనచిత్రోత్సవాల్లో ఆ ఏడాది బహుమతులు ఎవరికొచ్చాయో ఒక కాగితం మీద రాసుకుంటే ఇఫీ జాబితాలో సగం పేర్లు అప్పుడే పరిచయమైపోతాయి.

2024 ఉదాహరణ చూడండి. ఆగస్టులో లొకార్నోలో ప్రధాన బహుమతి గోల్డెన్ లెపర్డ్ గెలిచింది ‘టాక్సిక్’ అనే లిథువేనియా సినిమా. సౌలే బ్లియువైతే అనే డైరెక్టర్‌కి అది మొదటి పూర్తి నిడివి చిత్రం. ఒక పారిశ్రామిక పట్టణంలో పదమూడేళ్ళ అమ్మాయిలిద్దరు మోడలింగ్ స్కూల్లో చేరి, శరీరాన్ని సన్నబరుచుకోవడానికి ఏ హద్దు దాకా వెళ్తారన్నది కథ. మూడు నెలల తర్వాత అదే సినిమా గోవాలో ఇఫీ ప్రధాన బహుమతి స్వర్ణ మయూరం గెలిచింది. ఇద్దరు అమ్మాయిలకూ కలిపి ఉత్తమ నటి బహుమతి కూడా ఇచ్చారు. లొకార్నో ఫలితాలు ఒకసారి చూసినవాళ్ళు మొదటి ప్రదర్శనకే సీటు పట్టుకుని ఉంటారు. మిగతావాళ్ళు బహుమతి ప్రకటించాక అయ్యో అనుకోవాలి.

ఏ బహుమతి ఏం చెబుతుందో కూడా తెలియాలి. కాన్‌లో ‘ఆఫీషియల్ సెలెక్షన్’ అని పోస్టర్ మీద ఆకుల గుర్తు ఉంటే, ఆ సినిమా ఎంపికైందని మాత్రమే అర్థం, గెలిచిందని కాదు. ప్రధాన పోటీ పక్కనే ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ విభాగం ఉంటుంది. కొత్త గొంతులు, కొత్త పద్ధతులు ఎక్కువగా అక్కడే. ‘డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్’ వేరే సంస్థ నడిపేది. 1968 నాటి ఫ్రాన్స్ ఆందోళనల్లో కాన్ ఉత్సవం మధ్యలో ఆగిపోయాక, ఫ్రెంచ్ డైరెక్టర్లు 1969లో మొదలుపెట్టారు. ‘క్రిటిక్స్ వీక్’ మొదటి, రెండో సినిమాలకే. కాన్‌లో ఏ విభాగంలో వచ్చిందైనా మొదటి సినిమాల్లో ఉత్తమమైనదానికి ‘కెమెరా దోర్’ ఇస్తారు. గోవా షెడ్యూల్లో ఈ పేరు కనిపిస్తే నేను కళ్ళు మూసుకుని బుక్ చేస్తాను. టొరంటో ప్రధాన బహుమతి జ్యూరీది కాదు, ప్రేక్షకుల ఓటుది. నెమ్మది సినిమాలంటే భయమున్నవాళ్ళకు అది మంచి సూచన. బెర్లిన్‌కి రాజకీయం మీద మక్కువ ఎక్కువ. లొకార్నోది తెగువ.

జ్యూరీ తీర్పును వేదవాక్కుగా తీసుకోకండి. తొమ్మిది మంది ఒక గదిలో కూర్చుని రాజీపడి తేల్చే మాట అది. 2018 కాన్‌లో లీ చాంగ్‌డాంగ్ తీసిన కొరియా సినిమా ‘బర్నింగ్’కి ప్రధాన జ్యూరీ ఒక్క బహుమతీ ఇవ్వలేదు. అదే ఉత్సవంలో స్క్రీన్ పత్రిక విమర్శకుల పట్టికలో అది అప్పటిదాకా ఏ సినిమాకూ రాని మార్కులు తెచ్చుకుంది. అంతకు రెండేళ్ళ ముందు ఆ రికార్డు మారెన్ అడే తీసిన జర్మన్ సినిమా ‘టోనీ ఎర్డ్‌మన్’ది. దానికీ జ్యూరీ ఖాళీ చేతులే చూపించింది. రెండింటికీ అంతర్జాతీయ విమర్శకుల సమాఖ్య ఫిప్రెస్కీ బహుమతి మాత్రం దక్కింది. కాబట్టి విమర్శకులు మెచ్చిన సినిమా కావాలంటే పెద్ద బహుమతి కన్నా ముందు ఫిప్రెస్కీ ఎవరికిచ్చారో చూడండి.

ఆస్కార్‌కి దేశాలు పంపే ఎంట్రీల జాబితా కూడా నవంబరుకల్లా దాదాపు సిద్ధమై ఉంటుంది. అది వాడుకోండి, కానీ అనుమానంగానే. 2024లో కాన్‌లో రెండో పెద్ద బహుమతి గ్రాండ్ ప్రి గెలిచిన పాయల్ కపాడియా ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ని మన దేశం ఆస్కార్‌కి పంపలేదు. మొహమ్మద్ రసూలోఫ్ ఇరాన్‌లో రహస్యంగా తీసిన ‘ది సీడ్ ఆఫ్ ది సేక్రెడ్ ఫిగ్’ని జర్మనీ పంపింది. జాఫర్ పనాహీ ‘ఇట్ వాజ్ జస్ట్ యాన్ యాక్సిడెంట్’ని ఫ్రాన్స్ పంపింది. జాబితాలో దేశం పేరు చూసి సినిమా ఎక్కడిదో అనుకుంటే పొరబడతారు.

3. మూడు కుప్పలు పోయండి

ఇప్పుడు మీ దగ్గర అరవై డెబ్బై పేర్లు ఉంటాయి. వాటిని మూడు కుప్పలు చేయండి. త్వరలో మన ఊరి థియేటర్‌కో ఓటీటీకో కచ్చితంగా వచ్చేవి మొదటి కుప్ప. రావచ్చు, రాకపోవచ్చు అన్నవి రెండోది. ఇక ఎప్పటికీ రావనిపించేవి మూడోది. బుకింగ్ మూడో కుప్పతో మొదలవ్వాలి.

చాలామందికి ఇది మింగుడుపడదు. కాన్‌లో ప్రధాన బహుమతి పామ్ దోర్ గెలిచిన సినిమా ఎదురుగా ఉంటే వదిలి లాత్వియా సినిమాకో పరాగ్వే సినిమాకో వెళ్ళమంటారా అంటారు. ఔను, అదే చెబుతున్నా. ‘పారసైట్’, ‘అనోరా’ లాంటివి ఎలాగూ మన దాకా వస్తాయి. పాయల్ కపాడియా సినిమా 2024 నవంబరులో మన థియేటర్లలో విడుదలైంది. పంపిణీ చేసింది రానా దగ్గుబాటి స్పిరిట్ మీడియా. హైదరాబాదులో టికెట్ కొని చూడగల సినిమా కోసం గోవాలో గంట క్యూ ఎందుకు? ఆకి కౌరిస్మాకీ ‘ఫాలెన్ లీవ్స్’, విమ్ వెండర్స్ ‘పర్‌ఫెక్ట్ డేస్’ లాంటివి ముబీ అనే ఓటీటీలో వచ్చాయి. కొత్త సినిమా హక్కులు ఏ సంస్థ కొనుక్కుందో ఇంటర్నెట్‌లో రెండు నిమిషాలు వెతికితే తెలిసిపోతుంది. పెద్ద పంపిణీదారు పేరు కనిపిస్తే అది మొదటి కుప్ప.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కొన్ని సినిమాలు ఇంట్లో చూస్తే సగమే చూసినట్టు. ముఖ్యంగా శబ్దం మీద నిలబడినవి. జొనాథన్ గ్లేజర్ ‘ది జోన్ ఆఫ్ ఇంటరెస్ట్’లో నాజీలు యూదులను చంపిన ఆష్‌విట్జ్ క్యాంపు గోడ పక్కనే ఒక నాజీ అధికారి కుటుంబం తోట పెంచుకుంటూ హాయిగా బతుకుతుంటుంది. గోడ అవతల జరిగేది మనకు కనబడదు, వినబడుతుంది. ఆ సినిమాకి శబ్దానికి ఆస్కార్ వచ్చింది ఊరికే కాదు. ఓలివర్ లాషే ‘సిరాత్’లో మొరాకో ఎడారిలో పెట్టెలంత స్పీకర్ల ముందు జనం ఊగిపోతుంటే, ఒక తండ్రి తప్పిపోయిన కూతురి ఫొటో పట్టుకుని తిరుగుతుంటాడు. అది ల్యాప్‌టాప్‌లో చూసేది కాదు. ఇలాంటివి మొదటి కుప్పలో ఉన్నా పైకి తీసుకురండి.

మూడో కుప్పలో జనం మర్చిపోయే సరుకు పాత సినిమాల పునరుద్ధరణలు. ఫిల్మ్ రీళ్ళను శుభ్రం చేసి, మళ్ళీ స్కాన్ చేసి, పెద్ద తెర మీద వేసే అవకాశం ఉత్సవాల్లో తప్ప దొరకదు. 2024 ఇఫీలో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సందర్భంగా 1953 నాటి ‘దేవదాసు’ని అలా వేశారు. యూట్యూబ్‌లో గీతలు పడిన ప్రింట్‌లో చూసిన సినిమానే, కానీ పెద్ద తెర మీద ఆ వెలుగునీడలు వేరు. కొత్తదాని మోజులో ఇవి వదిలేసేవాళ్ళను చూస్తే నాకు కాస్త కోపమే.

4. క్యాటలాగ్‌లో కథ కన్నా ముందు ఇవి చూడండి

క్యాటలాగ్‌లో నాలుగు వాక్యాల కథ ఉంటుంది. దాన్ని బట్టి ఎంచుకోకండి. ‘ఒక మహిళ తన గతాన్ని వెతుక్కుంటూ స్వగ్రామానికి వెళ్తుంది’ అన్న వాక్యం కింద అద్భుతమూ ఉండొచ్చు, అరిగిపోయిన సరుకూ ఉండొచ్చు. డైరెక్టర్ ఇంతకుముందు ఏం తీశారు, నిడివి ఎంత, ఏ ఉత్సవంలో ఏ విభాగంలో మొదట వేశారు, ఈ మూడూ చాలు.

నిడివిని తేలిగ్గా తీసుకోకండి. మతీ దియోప్ ‘దహోమే’ 2024లో బెర్లిన్ ప్రధాన బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. ఫ్రాన్స్ 2021లో బెనిన్ దేశానికి తిరిగిచ్చిన 26 రాజవంశపు వస్తువుల కథ అది. నిడివి 68 నిమిషాలే. భోజనానికీ సాయంత్రం షోకీ మధ్య ఇమిడిపోతుంది. నూరి బిల్గే జైలాన్ ‘అబౌట్ డ్రై గ్రాసెస్’ 197 నిమిషాలు. ఆ రోజు ఇంకో రెండు సినిమాలు మించి పెట్టుకోవద్దు. మన థియేటర్లలో ఎంత పెద్ద సినిమాకైనా ఇంటర్వెల్ ఉంటుంది, లేచి సమోసా తిని వస్తాం. ఉత్సవంలో ఇంటర్వెల్ ఉండదు. మూడు గంటల సినిమా అంటే మూడు గంటలూ కూర్చోవడమే. నీళ్ళు ఎప్పుడు తాగాలో కూడా ప్లాన్ చేసుకోవాలి.

5. ఏ డైరెక్టర్‌తో మొదలుపెట్టాలి

మొదటిసారి వెళ్ళేవాళ్ళు నన్ను అడిగేది ఇదే. ఉత్సవ సినిమా అంటే నిమిషాల తరబడి కిటికీ వైపు చూస్తూ కూర్చునే సినిమా అని ఒక భయం ఉంది. అది పూర్తిగా తప్పేమీ కాదు. అందుకే నెమ్మది సినిమాతో మొదలుపెట్టకండి. కథ బలంగా లాగేవాటితో మొదలుపెట్టి మెల్లగా లోతుకు దిగండి. వెళ్ళేముందు ఇంట్లో కొన్ని పాతవి చూసి వెళ్తే, అక్కడ అదే డైరెక్టర్ కొత్త సినిమా కనబడినప్పుడు నిర్ణయం తేలికవుతుంది.

మన ప్రేక్షకులకు ఇరాన్ మంచి ద్వారం. అస్గర్ ఫర్హాదీ ‘ఎ సెపరేషన్’ చూడండి. 2011లో బెర్లిన్ గోల్డెన్ బేర్, తర్వాత ఆస్కార్ గెలిచింది. భార్య దేశం విడిచి వెళ్దామంటుంది. మతిమరుపు వచ్చిన తండ్రిని వదలనంటాడు భర్త. ఆ ముసలాయనను చూసుకోవడానికి పెట్టుకున్న పనిమనిషితో గొడవ, కోర్టు, ఖురాన్ మీద ప్రమాణం చేయాల్సిన ఘట్టం. ఇందులో విలన్ లేడు. ప్రతి ఒక్కరి వైపూ న్యాయం ఉంది, ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి దాస్తున్నారు. ఉమ్మడి కుటుంబాల పంచాయితీలు చూసి పెరిగినవాళ్ళెవరికైనా పది నిమిషాల్లో ఇల్లు తెలిసిపోతుంది.

ఫర్హాదీ తర్వాత జాఫర్ పనాహీ. 2010లో ఇరాన్ కోర్టు ఆయన్ని ఇరవై ఏళ్ళపాటు సినిమాలు తీయకూడదని నిషేధించింది. ఆయన తీస్తూనే ఉన్నారు. వెనిస్, బెర్లిన్, కాన్ మూడు చోట్లా ప్రధాన బహుమతి గెలిచిన అతి కొద్దిమందిలో ఆయన ఒకరు. 2025లో పామ్ దోర్ తెచ్చిన ‘ఇట్ వాజ్ జస్ట్ యాన్ యాక్సిడెంట్’లో ఒక మెకానిక్‌కి కృత్రిమ కాలు కిర్రుమన్న చప్పుడు వినబడుతుంది. జైల్లో తనను హింసించినవాడి నడక అదే. కానీ అప్పుడు కళ్ళకు గంతలు. ముఖం చూడలేదు. వాడేనా కాదా తేల్చుకోవడానికి వాడిని వ్యాన్‌లో పడేసి, తనలాగే జైలుకెళ్ళిన వాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ తిప్పుతాడు. అందులో పెళ్ళి దుస్తుల్లో ఉన్న అమ్మాయి కూడా ఎక్కుతుంది. భయంకరమైన విషయం, మధ్యలో కడుపుబ్బ నవ్వు.

జపాన్ నుంచి హిరోకజు కోరెయెడా. 2018లో పామ్ దోర్ గెలిచిన ‘షాప్‌లిఫ్టర్స్’లో టోక్యోలో చిన్న చిన్న దొంగతనాలతో నెట్టుకొచ్చే ఒక కుటుంబం, చలిలో ఒంటరిగా కనబడ్డ పాపను ఇంటికి తెచ్చుకుంటుంది. వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారన్నది సినిమా చివరిదాకా మెల్లమెల్లగా విప్పుతాడు. ఆయన తర్వాత ర్యూసుకే హమగుచి. ‘డ్రైవ్ మై కార్’ 179 నిమిషాలు. టైటిల్స్ దాదాపు నలభై నిమిషాలు గడిచాక పడతాయి. మొదటిసారి చూసేవాళ్ళకు అక్కడే ఒక చిన్న షాక్. అంత ఓపిక లేదనుకుంటే ఆయనదే ‘ఈవిల్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’తో మొదలుపెట్టండి, చిన్నది.

బ్రెజిల్ సినిమా ఇప్పుడు మంచి ఊపులో ఉంది. వాల్టర్ సాలెస్ ‘ఐయామ్ స్టిల్ హియర్’ సైనిక పాలనలో 1971లో భర్తను తీసుకెళ్ళిపోతే ఐదుగురు పిల్లలతో నిలబడిన యూనిస్ పాయివా కథ. నిజంగా జరిగింది. ఫెర్నాండా తోరెస్ ఏడుపు లేకుండానే ఏడిపిస్తుంది. క్లెబర్ మెండోన్సా ఫిల్హో ‘ది సీక్రెట్ ఏజెంట్’ 2025 కాన్‌లో ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటుడు రెండూ తెచ్చుకుంది. ఆ కాలాన్నే పూర్తిగా వేరే స్వభావంతో, అల్లరిగా, వింతగా చెబుతుంది.

సబ్‌టైటిల్స్ భయం ఉన్నవాళ్ళకు ఒక మాట. ఉత్సవంలో అన్నీ ఇంగ్లిష్ సబ్‌టైటిల్సే. ఇంగ్లిష్ వేగంగా చదవలేనివాళ్ళు సినిమా వదులుకోనక్కర్లేదు, ఎంచుకునే తీరు మార్చుకుంటే చాలు. ఫర్హాదీ పాత్రలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాయి, చదవడమే సరిపోతుంది. కౌరిస్మాకీ పాత్రలు పది నిమిషాలకో మాట. ‘ఫాలెన్ లీవ్స్’ 81 నిమిషాల్లో ఇద్దరు ఒంటరి కూలీల ప్రేమకథ చెప్పి వెళ్ళిపోతుంది. ‘పర్‌ఫెక్ట్ డేస్’లో టోక్యో పబ్లిక్ టాయిలెట్లు కడిగే హిరయామా సినిమాలో చాలాసేపు నోరే విప్పడు. గింట్స్ జిల్బలోదిస్ ‘ఫ్లో’లో అసలు మాటే లేదు. వరదలో కొట్టుకుపోయే పడవ మీద ఒక పిల్లి, కుక్క, ఇంకొన్ని జంతువులు, అంతే. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తయారుచేసిన ఈ లాత్వియా సినిమా ఆస్కార్ గెలిచింది.

ఇవి అలవాటయ్యాక జైలాన్, అపిచాత్‌పాంగ్ వీరసేతకుల్, లావ్ డియాజ్ లాంటి నెమ్మది సినిమాల డైరెక్టర్ల దగ్గరికి వెళ్ళండి. లావ్ డియాజ్ ‘ది ఉమన్ హూ లెఫ్ట్’ వెనిస్‌లో ప్రధాన బహుమతి గోల్డెన్ లయన్ గెలిచింది, మూడు గంటల ముప్పావు పైమాటే. అది మొదటిరోజు పని కాదు. ఐదో రోజు, మీ కళ్ళూ మనసూ ఆ వేగానికి దిగాక, ఉదయం షోకి.

6. రోజు పట్టిక గీయండి

షెడ్యూల్ వచ్చిన రోజే కాగితం మీద గడులు గీసి, మూడో కుప్ప సినిమాల్ని ముందు పెట్టండి. చాలా సినిమాలకు ఒకటో రెండో ప్రదర్శనలే ఉంటాయి. ఒక్క ప్రదర్శన మాత్రమే ఉన్నదానికి ప్రాధాన్యం. ప్రతి గడిలో ఒక పేరు, దాని కింద చిన్నగా ఇంకో పేరు ఉండాలి. మొదటిది దొరక్కపోతే ఆలోచించే టైం ఉండదు.

రోజుకు మూడు. నాలుగు చూడొచ్చు, కానీ నాలుగోది గుర్తుండదు. నెమ్మది సినిమాలు ఉదయమే. భోజనం చేసి వెళ్ళి చీకట్లో, చల్లటి ఏసీలో మౌనంగా సాగే సినిమా ముందు కూర్చుంటే ఎంత గొప్పదైనా నిద్రే. మధ్యాహ్నానికి థ్రిల్లర్లో కామెడీలో పెట్టండి.

గోవాలో థియేటర్లు నదికి రెండు వైపులా ఉన్నాయి. పణజిలో ఐనాక్స్, దాని దగ్గరలోనే మక్వినెజ్ ప్యాలెస్, మాండవి నది ఒడ్డున చార్లెస్ కొరియా డిజైన్ చేసిన కళా అకాడెమీ. నది దాటితే పోర్వోరిమ్ ఐనాక్స్. రెండిటి మధ్యా వంతెన మీద సాయంత్రం ట్రాఫిక్ ఎలా ఉంటుందో ముందే చెప్పలేం. ఒక రోజంతా పణజిలో, ఇంకో రోజంతా పోర్వోరిమ్‌లో ఉండేలా గడులు సర్దండి. సినిమా అయ్యాక డైరెక్టర్‌తో ప్రశ్నలు జవాబులు ఉంటే అరగంట అదనం.

రోజూ ఒక గడి ఖాళీగా వదలండి. ఉత్సవంలో అసలు సమాచారం క్యూలోనూ చాయ్ బండి దగ్గరా దొరుకుతుంది. ‘నిన్న రాత్రి జార్జియా సినిమా చూశారా?’ అని ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా అన్నారంటే, దాని రెండో ప్రదర్శన ఎప్పుడో వెతకండి. విమర్శకులు రాసే రివ్యూల కన్నా ఇది వేగం.

7. బుకింగ్, క్యూ

నియమాలు ఏటా కాస్త కాస్త మారతాయి: రోజుకు ఎన్ని టికెట్లు, ఎన్ని గంటలకు తెరుస్తారు, వదులుకునే గడువు ఏమిటి. ఆ ఏడాది డెలిగేట్ సూచనలు ఒక్కసారి చదవండి. బుకింగ్ తెరుచుకున్న కాసేపటికే పేరున్న సినిమాలు నిండిపోతాయి. ముందే లాగిన్ అయి, మీ కాగితం పక్కన పెట్టుకుని కూర్చోండి. మూడో కుప్ప సినిమాలు సాధారణంగా తేలిగ్గా దొరుకుతాయి, అది ఈ పద్ధతిలో ఇంకో లాభం.

నిండిపోయిన సినిమాకు కూడా క్యూలో నిలబడితే అవకాశం ఉంటుంది. బుక్ చేసుకుని రానివాళ్ళ సీట్లు చివర్లో ఇస్తారు. ఒంటరిగా వెళ్ళినవాళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది, నలుగురు కలిసి కూర్చోవాలంటే కష్టం. మీరు వెళ్ళలేకపోతే మాత్రం టికెట్ రద్దు చేయండి, ఇంకొకరు క్యూలో నిలబడి ఉంటారు.

8. హాల్లో

మధ్య వరసల్లో కాస్త వెనక్కి కూర్చోండి. ముందు కూర్చుంటే సబ్‌టైటిల్ చదవడానికీ బొమ్మ చూడడానికీ మెడ తిప్పాల్సి వస్తుంది. ముందు సీట్లో పొడుగు మనిషి ఉంటే సబ్‌టైటిల్ సగం పోతుంది. లోపల చలి, పల్చటి స్వెట్టర్ ఉంచుకోండి.

సినిమా నచ్చకపోతే లేచి వెళ్ళొచ్చు. ఉత్సవాల్లో అది అవమానం కాదు, అందరూ చేస్తారు. కానీ మొదటి అరగంట ఆగండి. మంచి సినిమాలు చాలావరకు తమ వేగానికి మనల్ని అలవాటు చేయడానికి ఆ అరగంట తీసుకుంటాయి. అప్పటికీ కుదరకపోతే, సంభాషణ మధ్యలో కాకుండా సీన్ మారేటప్పుడు తల వంచుకుని వెళ్ళండి. అనుమానం ఉన్న సినిమాకి వరస చివరన ఉన్న సీటు ఎంచుకుంటే ఎవరి కాళ్ళూ తొక్కక్కర్లేదు. ఫోన్ తీసి టైం చూసుకోవడం మాత్రం వద్దు. చీకట్లో ఆ వెలుగు పది వరసల దాకా పడుతుంది.

ప్రశ్నలు జవాబుల సమయంలో మైక్ తీసుకుంటే ఒక్క ప్రశ్నే అడగండి. ‘ఈ సినిమాతో మీరేం చెప్పాలనుకున్నారు?’ అని అడిగితే ప్రతి డైరెక్టరూ ఒకేలా విసుక్కుంటారు. ఆ సీన్ ఎక్కడ తీశారు, ఆ పిల్లవాడు నటుడేనా, ఆ పాట ఎవరిది అని అడిగితే మనసు విప్పి మాట్లాడతారు.

9. రాత్రి నాలుగు వాక్యాలు, తర్వాత ఏడాది పొడవునా

మూడో రోజుకల్లా సినిమాలు బుర్రలో కలగాపులగం అవుతాయి. రొమేనియా అమ్మాయి టర్కీ గ్రామంలోకి వచ్చేస్తుంది. రాత్రి గదికి వెళ్ళాక ఒక్కో సినిమాకి నాలుగు వాక్యాలు రాసుకోండి. కథ అక్కర్లేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. మీకు గుర్తుండిపోయిన ఒక దృశ్యం, ఒక శబ్దం, చిరాకు తెప్పించినది, డైరెక్టర్ పేరు.

ఆ డైరెక్టర్ల పేర్లే మీకు వచ్చే ఏడాది జాబితా. ఇంటికొచ్చాక ఖాళీగా ఉండాల్సిన పనిలేదు. హైదరాబాద్‌లో ఉంటే హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్, ఫ్రెంచ్ సాంస్కృతిక కేంద్రం అలియాన్స్ ఫ్రాంసేజ్, జర్మన్ కేంద్రం గోథే జెంట్రుమ్, లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో అప్పుడప్పుడూ విదేశీ సినిమాలు వేస్తారు, చాలావాటికి ప్రవేశం ఉచితం. గోవాలో మొదటి సినిమాతో మీకు నచ్చినవాళ్ళ రెండో సినిమా రెండు మూడేళ్ళలో ఎక్కడో తేలుతుంది. జనవరి చివర్లో రాటర్‌డామ్, ఫిబ్రవరిలో బెర్లిన్, ఏప్రిల్‌లో ప్రకటించే కాన్ జాబితా చూస్తూ మీ కాగితంలోని పేర్లకు టిక్కు పెట్టుకుంటూ పోండి. మళ్ళీ నవంబరులో షెడ్యూల్ వచ్చేసరికి మొదటి రెండు మెట్ల పని అప్పటికే అయిపోయి ఉంటుంది.